పేద గ్రంథకర్తకు పెట్టుబడి యేది?

పుస్తకము వ్రాయుట యొక కష్టము. దానిని పదిమందిచేత చదివించుట వేఱొక కష్టము. మొదటిదానికి బుద్ధి చాలును, రెండవదానికి ధనము కావలెనని లోకులు తలంతురు. కలవాని గ్రంథమునకు ప్రకటనలును, సభలును, సన్మానములును సమకూరును. చేతిలో కాసు లేని గ్రంథకర్త యేమి చేయవలెను? నేడాతడు ఫేస్‌బుక్కులోను వాట్సాపులోను తన పుస్తకపు ముఖచిత్రమును ప్రకటించి, కొని చదువుడని తెలిసినవారిని తెలియనివారిని గూడ వేడుకొనుచున్నాడు. ఇది దాదాపు వ్యయము లేని సాధనమే. అయినను పలువురకు దానివలన ఫలము చేకూరుటలేదు. ఏల? ఈ ప్రశ్నకు సమాధానము, రెండువందల యేండ్లకు పూర్వము లండను నగరమున నివసించిన యొక విముక్త దాసుని చరిత్రమునందు దొరకుచున్నది.

ఆతని పేరు ఒలౌడా ఈక్వియానో. యజమాను లాతనికి గస్టావస్ వాసా యని పేరిడిరి. తాను ఆఫ్రికాలో జన్మించితిననియు, బాల్యముననే అపహరింపబడి అమ్మబడితిననియు నాతడు వ్రాసికొనెను. ఓడలలో పనిచేయుచు, దీవులలో చిల్లర వర్తకము చేసి కూడబెట్టిన సొమ్ముతో 1766వ సంవత్సరమున తన స్వాతంత్ర్యమును తానే కొనుక్కొనెను. 1789లో తన జీవితకథను రెండు సంపుటములుగ ప్రకటించెను. ఆతనికి ఆస్తి లేదు, బంధుబలము లేదు. ఎదుట నున్నవారో, మనుష్యులను సరకులవలె నమ్మి కోటీశ్వరులైన వర్తకులు.

ఆ కాలమున ఇంగ్లండులో చందాపద్ధతి యొకటి కలదు. గ్రంథకర్త ముందుగా నొక ప్రకటనపత్రము నచ్చొత్తించి, వెలలో కొంత పుచ్చుకొని, పుస్తకమందిన పిదప శేషమును గైకొనును. చందాదారుల పేర్లు గ్రంథారంభమున నచ్చువేయబడును. ఈ పద్ధతివలన జనులు మోసపోవుటయు కలదు. సుప్రసిద్ధుడైన సామ్యూల్ జాన్సనంతటివాడు షేక్స్పియరు నాటకములకు 1756లో చందాలు పిలిచి 1765 వఱకును గ్రంథము నీయలేదు. కావున అపరిచితుడైన యొక నల్లజాతివానికి ముందుగా సొమ్మిచ్చుటకు జనులకు బలమైన కారణ ముండవలెను.

అయినను ఈక్వియానో మొదటి ముద్రణమునకు 311 మంది పేరిచ్చిరి. పట్టికకు శిరస్సున యువరాజు పేరు కలదు. దాస్యనిర్మూలనమునకై పాటుపడిన గ్రాన్విల్ షార్పును, థామస్ క్లార్క్సనును, కుంభకారశిల్పమున ప్రసిద్ధుడైన జోసయా వెడ్జివుడ్డును, రచయిత్రియగు హన్నా మూరును అందున్నారు. తనవలెనే దాస్యమునుండి విముక్తుడైన ఆటోబా కుగోవానోయు నందున్నాడు. అంగడిలో పుస్తకము తెఱచినవా డాపేర్లను చూచి, ఇందఱు నమ్మిన మనుష్యుని నేనును నమ్మవచ్చునని తలంచును. ఆ పట్టికయే ప్రకటన. దానికి వేఱ వ్యయము లేదు.

ఇంతమంది యాతని నెట్లెఱిగిరి? ఇచ్చటనే మనము నిలిచి యాలోచింపవలెను. జాంగను నోడలోని దాసులను భీమాసొమ్మునకై సముద్రమున పడద్రోసిన ఘోరవార్తను 1783లో గ్రాన్విల్ షార్పుకడకు మోసికొనిపోయినవా డీతడే. పత్రికలకు లేఖలు వ్రాసి దాసవ్యాపారమును ఖండించినవా డీతడే. 1788లో తన జాతివారి పక్షమున రాణికి వినతిపత్ర మర్పించినవా డీతడే. పుస్తకము కొనుడని యడుగుటకు ముందే కొన్నియేండ్లపాటు పరులకొఱకు పాటుపడెను. అడుగుటకు ముందు ఇచ్చెను. ఆ 311 పేర్లు ఒక్కనాటి ప్రకటనకు పండిన పంట కాదు. పూర్వము చల్లిన విత్తనముల ఫలము.

పుస్తకము వెలువడిన పిదపను ఆతడు కూర్చుండలేదు. గ్రంథస్వామ్యమును పుస్తకవిక్రేతల కమ్మక తనయొద్దనే యుంచుకొనెను. క్లార్క్సను వంటివారి పరిచయలేఖలు చేతబట్టుకొని ఊరూర తిరిగెను. మాంచెస్టరు, నాటింగుహాము, బర్మింగుహాము మొదలగు పట్టణములకు పోయెను. 1791లో ఐర్లండునందు నెలల తరబడి సంచరించెను. తన్నాదరించిన పట్టణములవారికి ఆయా ఊళ్ల పత్రికలలో కృతజ్ఞత ప్రకటించెను. క్రొత్తముద్రణము వచ్చినపుడెల్ల క్రొత్త చందాదారుల పేర్లు చేర్చెను. 1794 నాటికి తొమ్మిది ముద్రణములు వెలువడినవి.

అపవాదమును తప్పలేదు. 1792లో లండను పత్రికలు రెండు, ఈతడు ఆఫ్రికాలో పుట్టనే లేదని వ్రాసెను. జన్మస్థానమును గూర్చిన చర్చ నేటి పండితులలోను కలదు. నాడు ఈక్వియానో తిట్టునకు తిట్టు బదులీయలేదు. తన్ను బాల్యమునుండి యెఱిగినవారి సాక్ష్యము నాశ్రయించి, తరువాతి ముద్రణమున సమాధానము చెప్పెను. 1797లో ఆతడు మరణించెను. పదియేండ్లకు, 1807లో, బ్రిటిషు పార్లమెంటు దాసవ్యాపారమును నిషేధించెను. ఆ ఘనత యొక్క పుస్తకముదే యనరాదు. కాని బాధితుని నోటనే బాధను విన్న వేలమంది పాఠకులు ఆ మార్పునకు భూమిని దున్నిరి.

చదువరులారా! నేటి యంత్రములు ఒక్క నిమిషమున వేయిమందికి వార్త నందించును. కాని వేయిమంది విశ్వాసమును సంపాదించి యీయజాలవు. పుస్తకము వెలువడిన దినముననే స్నేహితులను స్మరించువాని పిలుపునకు బదులు రాకున్న తప్పెవరిది? ఏండ్ల తరబడి యితరుల రచనలను చదివి, మెచ్చదగినవానిని మెచ్చి, తానెఱిగిన విషయమును పదిమందికి పంచిపెట్టిన గృహిణికి, ఊరిబడి యుపాధ్యాయునకు ఏబదిమంది మిత్రులున్నను చాలును. వారు తమకు తెలిసినవారికి చెప్పుదురు. పేద గ్రంథకర్తకు పెట్టుబడి యిదియే.

పాఠకులకును ధర్మమొకటి కలదు. అభినందనములని యొక్క మాట పంపి ఊరకుండుట సులభము. ఆనాటి చందాదారు లట్లు చేయలేదు. పుస్తకము కంటబడకముందే పేరిచ్చి సొమ్మిచ్చిరి. వారు వెనుదీసియున్నచో ఆ కథ యచ్చునకు రాకపోయెడిది. మన యెఱుకలో నెవరైన నిజమును వ్రాసి చేతబట్టుకొని నిలిచియున్నయెడల, వారి పట్టికలో మన పేరు కలదా యని మనలను మనమే ప్రశ్నించుకొందము.