మహమ్మారి భయము - రక్తపోటు



ప్లేగు వచ్చినపుడు జనులు ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొని యుండిరని మన పెద్దలు చెప్పగా వినియున్నాము. 2020వ సంవత్సరమున వ్యాపించిన కరోనా జాడ్యమునకు అట్టి తావును లేకపోయెను. అందును రక్తపోటు గలవారిని రెండు భయములు పీడించెను. వాని చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

ఆ యేడు మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జాడ్యమును మహమ్మారిగా వర్ణించెను. మృతులలో రక్తపోటు గలవారు పెక్కురని చీనా దేశమునుండి వార్తలు వచ్చెను. ఇది మొదటి భయము. వృద్ధులే యెక్కువగా మరణించుచుండిరి. వృద్ధులలో రక్తపోటు సామాన్యము. వయస్సువలన నెంత, పోటువలన నెంత యని విడదీసి చూచు నోపిక ఆనాడు జనులకు లేకుండెను.

రెండవ భయము మందును గూర్చినది. కరోనా క్రిమికి మన దేహకణములలో ఏస్-2 యను పదార్థము ద్వారము వంటిది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు ఆ ద్వారములను హెచ్చించునేమో యని కొందఱు వైద్యులు ఆ మార్చిలోనే సందేహించిరి. ఆ మాట నోటినుండి నోటికి ప్రాకిన కొలదిని “ఏమో” జాఱిపోయి, “హాని” మాత్రము మిగిలెను. మాత్ర మానినచో పోటు మరల హెచ్చి, పక్షవాతమునకును గుండెపోటునకును దారితీయవచ్చును. కావున యూరపు హృద్రోగవైద్యుల సంఘము మార్చి 13వ తేదీననే మాత్రలు మానవలదని హెచ్చరించెను.

భయము సైతము పోటును పెంచును. 1983లో ఇటలీలోని మిలాను నగరమున మాంచియా యను వైద్యుడును సహచరులును 48 మంది రక్తపోటును ఎడతెగక కొలిచిరి. వైద్యుడు చెంతకు వచ్చినంతనే పై యంకె సగటున 27 మిల్లీమీటర్లు హెచ్చెను, కొంతసేపటికి తగ్గసాగెను. భయపడుచు కొలుచుకొనుట, అంకె చూచి మరింత భయపడుట యను చక్రమున పడినవారికి ఈ సంగతి తెలిసియుండిన మేలగును.

ఆ మాంచియాయే 2020 మే నెలలో, మిలాను గల లొంబార్డీ సీమయందలి 6,272 మంది కరోనా రోగులను 30,759 మంది ఇతరులతో పోల్చిన ఫలితమును సహచరులతో గూడి ప్రకటించెను. ఈ మాత్రలు జాడ్యమును పెంచినట్లు కానరాలేదు. పిమ్మట బ్రెజిలు దేశమున 659 మంది రోగులలో ఇంచుమించు సగముమందికి మాత్రలు 30 దినములు నిలిపిరి, తక్కినవారికి కొనసాగించిరి. మానినవారిలో నూటికి 2.7, మానని వారిలో 2.8 వంతున మరణించిరి. అనగా మానుటవలన లాభమేమియు లేదు. ఈ ఫలితము 2021 జనవరిలో ముద్రితమయ్యెను.

సందేహము పుట్టుటకు ఒక దినము చాలును. దానిని పరీక్షించుటకు నెలలు పట్టును. ఆ నడిమి కాలముననే మనుష్యుడు తొందరపడును. పెద్దలగు మీ మాట ఊరిలో చెల్లును. ఇక ముందెట్టి జాడ్యము వచ్చినను, మందును గూర్చిన వదంతి వినినపుడు “ఎవరు చూచిరి? ఎందఱిని చూచిరి?” యని యడుగుడు. వైద్యుని యడుగక మాత్ర మానవలదని పదిమందికి చెప్పుడు.