గౌతమి గట్టున ఆగిన రైలు

1940లో కోటిపల్లి లైను పట్టాలు ఊడదీశారు. వేసి అప్పటికి 12 ఏళ్లే. ఏ వరదో వచ్చి కట్ట తెంచిందని కాదు. ఎక్కడో ఐరోపాలో మొదలైన యుద్ధానికి ఇనుము కావలసి వచ్చింది. దేశంలో ఆదాయం తక్కువగా ఉన్న బ్రాంచి లైన్ల మీద సర్కారు కన్ను పడింది. కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టున ఉన్న కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల మేర పరిచిన ఇనుము అలా యుద్ధం పాలైంది. మళ్లీ ఆ దారిలో రైలు కూత వినపడింది 2004లో. మధ్యలో 64 ఏళ్లు గడిచిపోయాయి.

రెండుసార్లు పుట్టి, రెండుసార్లూ ఆగిపోయిన లైను ఇది. మొదటిసారి యుద్ధం వల్ల, రెండోసారి కరోనా వల్ల అని చెప్పుకుంటాం. అవి పైకి కనిపించే కారణాలు. అసలు లోపం రెండుసార్లూ ఒక్కటే అని నా నమ్మకం. రైలును ఏటిగట్టు దాకా తెచ్చి, అక్కడ వదిలేశారు.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే గోదావరి నడక చూడాలి. ధవళేశ్వరం దిగువన నది చీలిపోతుంది. తూర్పుకు గౌతమి, పడమటికి వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఉన్నదే కోనసీమ. 1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలిపే మెయిన్ లైను ఈ తీరానికి వచ్చినప్పుడు ఇంజనీర్లు నది ఇంకా చీలకముందే, రాజమండ్రి దగ్గర దాన్ని దాటారు. 56 స్పాన్ల హేవలాక్ వంతెన 1900లో సిద్ధమైంది. ఒకే వంతెనతో పోయేదానికి మూడు వంతెనలు ఎవరు కడతారు? దాంతో మెయిన్ లైను డెల్టాను పైఅంచున తాకి వెళ్లిపోయింది. అన్నం పెట్టే నేలంతా దిగువన మిగిలింది. రేవు పట్నమైన కాకినాడ సైతం సామర్లకోట నుంచి వచ్చిన చిన్న బ్రాంచి లైనుతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

అప్పటిదాకా డెల్టాకు దారులంటే కాలవలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు చేలకు నీళ్లివ్వడంతో పాటు పడవలనూ మోశాయి. ఈ దేశానికి రైళ్ల కన్నా నీటిదారులే మేలని, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర చివరిదాకా వాదించాడు. ఆయన వాదంలో పస లేకపోలేదు. వడ్లు, బెల్లం, కొబ్బరి, మనుషులు అన్నీ పడవల మీదే కాకినాడ చేరేవి. అయితే పడవకు తొందర తెలియదు. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలవలు కట్టేశారంటే ఆ నీటిదారి కూడా మూసుకుపోతుంది.

1928లో కోటిపల్లికి రైలు వచ్చింది ఆ పరిస్థితుల్లోనే. అప్పట్లో ఈ ప్రాంతం ఎం.ఎస్.ఎం. రైల్వే, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతిలో ఉండేది. పడమటి వైపు గుడివాడ నుంచి భీమవరానికి లైను పడింది కూడా 1928లోనే. కోనసీమకు అటూ ఇటూ పట్టాలు దగ్గర పడుతున్న రోజులవి.

కోటిపల్లిని చివరి స్టేషన్‌గా ఎంచుకోవడంలో అర్థముంది. అది సోమేశ్వరుడి క్షేత్రం. శివరాత్రికి జనం పోటెత్తే ఊరు. దారిలోనే పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం ఉంది. రామచంద్రపురం చుట్టుపక్కల వరి పొలాలకు లెక్కే లేదు. వీటన్నిటి కన్నా ముఖ్యమైనది కోటిపల్లి రేవు. గౌతమికి అవతల ముక్తేశ్వరం, అక్కణ్నుంచి అమలాపురం. కోనసీమలో చాలామంది కాకినాడ వెళ్లాలంటే ఈ రేవు దాటాల్సిందే. అక్కడి కోర్టు పని, కాలేజీ చదువు, ఆసుపత్రి, అన్నిటికీ అదే దారి. రంగం, అంటే బర్మా వెళ్లేవాళ్లకూ అంతే. కాకినాడ రేవు నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లి, ధాన్యం మిల్లుల్లో, ఓడరేవుల్లో పనిచేసి, నాలుగు డబ్బులతో తిరిగొచ్చే కుటుంబాలు ఈ జిల్లాల్లో ఊరూరా ఉండేవి.

అంటే ఆ లైను బతుకు సగం ఏటికి అవతలి జనం మీదే ఆధారపడి ఉంది. వాళ్లేమో పడవ దిగి రైలెక్కాలి, రైలు దిగి పడవెక్కాలి. ఏరు పొంగితే స్టేషనుకు చేరడమే లేదు.

పుట్టిన వేళ కూడా మంచిది కాదు. లైను వేసిన మరుసటి ఏడే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం మొదలైంది. వడ్ల ధర పడిపోయింది. ధాన్యం కదలకపోతే ఈ నేలలో రైలుకు సరుకేముంటుంది? మరోపక్క బస్సులొచ్చాయి. ఊళ్లోకొచ్చి ఎక్కించుకునే బస్సు ముందు చిన్న లైన్లు దేశమంతటా వెలవెలబోయాయి. రైల్వేల నష్టాల సంగతి తేల్చడానికి 1936లో వెడ్జ్‌వుడ్ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘమే వేయాల్సి వచ్చింది. కాబట్టి 1940 నాటికి కోటిపల్లి లైను బలహీనంగానే ఉంది. బలహీనమైనదాన్నే ముందు బలిపెట్టారు.

పట్టాలు పోయిన రెండేళ్లకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఏ యుద్ధం కోసం ఈ నేల తన రైలును ఇచ్చుకుందో ఆ యుద్ధమే గుమ్మంలోకి వచ్చింది. ఆ ఏడాదే రంగం దారి కూడా మూసుకుపోయింది. బర్మా నుంచి తెలుగువాళ్లు కట్టుబట్టలతో, కొండదారుల్లో కాలినడకన తిరిగొచ్చారు.

యుద్ధం కోసం పట్టాలు పోగొట్టుకున్నది కోటిపల్లి ఒక్కటే కాదు. కేరళలో షొర్నూర్-నిలంబూర్ లైను 1927లో పూర్తయింది, 1941లో పీకేశారు. హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ దాకా ఉన్న పట్టాలకూ అదే గతి పట్టింది. కానీ ఆ రెండు చోట్లా 1954 కల్లా రైలు తిరిగి నడిచింది. నిలంబూర్ వెనుక టేకు అడవి ఉంది, జోగిందర్‌నగర్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఉంది. స్వతంత్రం వచ్చిన తొలి సంవత్సరాల్లో కోటిపల్లి గురించి ఢిల్లీలో అంత గట్టిగా అడిగినవాళ్లు లేకపోయారు. అవతలి ఒడ్డున పట్టాలే లేని ఏటిరేవుకు మళ్లీ లైనెందుకని అనుకోవడం అధికారులకు తేలిక. ఆ అవతలి ఒడ్డుకు పట్టాలు వేయాల్సింది కూడా వాళ్లే అన్న మాట మాత్రం మరుగున పడింది.

ఈలోగా కోనసీమలో తరాలు మారాయి. ఇంట్లో నుంచి రైలు కూత వినకుండానే పెద్దవాళ్లై, వృద్ధులైనవాళ్లు లక్షల్లో ఉన్నారు. అమలాపురం నుంచి రైలెక్కాలంటే 60 కిలోమీటర్లకు పైనే ప్రయాణించి రాజమండ్రి వెళ్లాలి. రాజోలు వైపువాళ్లు వశిష్ఠ దాటి నరసాపురమో పాలకొల్లో చేరాలి. కొబ్బరి లారీల్లో వెళ్తుంది. ఈ నేల కింది గ్యాస్ పైపుల్లో వెళ్తుంది. మనిషి మాత్రం చాలాకాలం పంటు మీద, లాంచీ మీద వెళ్లాడు.

నది దాటడం చేతకాదా అంటే, అదీ కాదు. 1850ల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద రాతి తోరణాలు కట్టి, కాలవ నీటిని అవతలి నగరం లంకకు దాటించారు. ఆ అక్విడక్టు ఒకటిన్నర శతాబ్దం పనిచేసింది. పాతదై పోయాక పక్కనే కొత్తది కట్టి, అడిగినవాడికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. నీళ్లు దాటిన ఆ పాయను రైలు ఇంకా దాటలేదు. ఈ మాట రాస్తుంటే బాధగా ఉంటుంది.

కోటిపల్లి రైలుకు రెండో జన్మ ఇచ్చిన మనిషి గంటి మోహనచంద్ర బాలయోగి. గౌతమి ఒడ్డునే ఉన్న ఎదుర్లంకలో పుట్టారు. పంటు కోసం రేవులో పడిగాపులు పడే జనం మధ్య పెరిగారు. అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై 1998లో స్పీకరయ్యారు. ఆ స్థానంలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. స్పీకరు కుర్చీలో ఉండి కూడా నియోజకవర్గం రేవులనూ వంతెనలనూ మరిచిపోలేదు. కాకినాడ-కోటిపల్లి లైను మళ్లీ వేయించడానికీ, దాన్ని అక్కడితో ఆపకుండా నరసాపురం దాకా పొడిగించడానికీ పట్టుబట్టారు. 2000-01 రైల్వే బడ్జెట్‌లో కోటిపల్లి-నరసాపురం లైనుకు మంజూరు దొరికింది. పొడవు సుమారు 57 కిలోమీటర్లు. ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు మీదుగా. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు వంతెనలు.

2002 మార్చి 3న భీమవరం నుంచి బయలుదేరిన ఆయన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. యానాం-ఎదుర్లంక మధ్య గౌతమి మీది రోడ్డు వంతెనకు ఆయన పేరు పెట్టారు. కోటిపల్లికి తిరిగొచ్చిన రైలును మాత్రం ఆయన చూడలేదు.

2004లో వచ్చిన ఆ రైలు ఎలాంటిదంటే, ఒకే పెట్టె ఉన్న రైల్‌బస్సు. డీజిల్ మీద నడిచే ఆ బండిని జనం ఇష్టంగానే ఎక్కారు. ద్రాక్షారామం భక్తులు, కాకినాడలో పనులున్న చిన్న ఉద్యోగులు, కూరగాయల గంపలవాళ్లు. టికెట్ బస్సు కంటే చవక. కానీ రోజుకు లెక్కపెట్టినట్టు తిరిగే ఒంటిపెట్టె బండిని నమ్ముకుని ఎవరూ రోజువారీ బతుకును దిద్దుకోలేరు. పొద్దున బండి తప్పితే పని పోతుంది. రామచంద్రపురం నుంచి నిమిషాల మీద బస్సులుంటే, రైలు కోసం ప్లాట్‌ఫాం మీద ఎంతసేపని నిలబడతారు? బొబ్బిలి-సాలూరు లైనులోనూ ఇలాంటి రైల్‌బస్సే నడిపారు. తక్కువ బళ్లు వేసి, జనం తక్కువగా ఎక్కుతున్నారని రాసి, ఆ రాతనే చూపించి ఉన్న బండిని కూడా తీసేయడం చిన్న లైన్లకు చాలాకాలంగా పడుతున్న దెబ్బ.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దేశంలోని రైళ్లన్నీ ఆగాయి, కోటిపల్లి బండీ ఆగింది. తక్కినవి ఒక్కొక్కటే పట్టాలెక్కాయి. ఇది మాత్రం ఏళ్లు గడుస్తున్నా ఎక్కలేదు. 1940లో పట్టాలు లేక రైలు లేదు. ఈసారి పట్టాలుండీ రైలు లేదు.

నరసాపురం లైను పని మాత్రం పూర్తిగా పడుకోలేదు. నదీపాయల్లో వంతెన స్తంభాలు లేచాయి. అంచనా వ్యయం 2 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలని ఒప్పందం. రాష్ట్రం వాటా అందలేదని కేంద్రం, బడ్జెట్‌లో విదిలించినదెంతని రాష్ట్రం, భూసేకరణ తేలలేదని రైల్వే. ఈ ముక్కోణంలోనే రెండు దశాబ్దాలు తిరిగింది. భూమి సంగతి నిజంగానే కష్టమైనది. కోనసీమలో బీడు అంటూ ఉండదు. ప్రతి సెంటు మీదా కొబ్బరి చెట్టో, వరి మడో, ఇల్లో ఉంటుంది. రైలు కావాలని కోరే రైతే తన తోట మధ్యలోంచి కట్ట పోతుందంటే కలవరపడతాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. తగిన ధర వేళకు చేతికిస్తే సగం చిక్కులు తీరతాయి. ఏళ్ల తరబడి సర్వే రాళ్లు పాతి, తేల్చకుండా ఊరుకోవడం వల్లే అనుమానాలు పెరుగుతాయి.

2024లో బాలయోగి కుమారుడు హరీష్ మాధుర్ అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. తండ్రి మొదలుపెట్టించిన పని ఇప్పుడు కొడుకు అడగాల్సిన ప్రశ్నగా మారింది. ఆయన ఒక్కరి మీదే భారం వేయకూడదు. ఈ లైను కోనసీమకు మాత్రమే సంబంధించిందనుకోవడం పొరపాటు. విజయవాడ-భీమవరం-నరసాపురం మార్గం ఇప్పుడు జంట పట్టాలతో, కరెంటు తీగలతో సిద్ధంగా ఉంది. నరసాపురం, కోటిపల్లి కలిస్తే విజయవాడ నుంచి కాకినాడకు తీరం వెంట రెండో దారి ఏర్పడుతుంది. సరుకు రైళ్లతో కిక్కిరిసిన మెయిన్ లైనుకు ఊపిరాడుతుంది. తుపానుకో వరదకో రాజమండ్రి వైపు దారి మూతపడితే మరో దారి ఉంటుంది. కాకినాడ రేవుకు పడమటి డెల్టా నేరుగా అందుతుంది.

వంతెనలు పూర్తయ్యేదాకా ఉన్న 45 కిలోమీటర్లను ఖాళీగా ఉంచాల్సిన పని లేదు. 2027లో గోదావరి పుష్కరాలు. కోటిపల్లి రేవుకు లక్షల మంది వస్తారు, వాళ్లందరినీ ఆ ఇరుకు రోడ్ల మీదే నడిపిస్తే ఏమవుతుందో అధికారులకు తెలుసు. ఈలోగా ట్రాక్ బాగుచేయాలి. ఒంటిపెట్టె కాదు, నాలుగైదు పెట్టెల బండి వేయాలి. పొద్దున ఆఫీసుల వేళకు కాకినాడ చేరేట్టు ఒకటి, సాయంత్రం తిరిగొచ్చేట్టు ఒకటి, మధ్యాహ్నం మరొకటి ఉండాలి. కాకినాడలో హైదరాబాద్, చెన్నై రైళ్ల వేళలకు వాటిని జత చేయాలి. కోటిపల్లి స్టేషను నుంచి రేవుకు, అవతలి ఒడ్డు నుంచి అమలాపురానికి బస్సులు అందుబాటులో ఉంచాలి. ఇలా కనీసం రెండేళ్లు నడిపాక, ఎంతమంది ఎక్కుతున్నారో అప్పుడు లెక్క రాయాలి.