ఓడలలో సరుకుల అగ్నిప్రమాదాల నివారణ

ఓడలో రవాణా అయ్యే సరుకుల నుండి గాని, బ్యాటరీల నుండి గాని నిప్పు పుట్టకుండా, పుట్టినా వ్యాపించకుండా తీసుకొనే చర్యలను సరుకుల అగ్నిప్రమాదాల నివారణ అంటారు. నేలపై ప్రమాదం జరిగితే అగ్నిమాపక దళం వస్తుంది. నడిసముద్రంలో ఆ పని ఓడ సిబ్బందే చేయవలసి ఉంటుంది. పెద్ద కంటెయినరు ఓడలలో కూడా సిబ్బంది సాధారణంగా 20 నుండి 30 మంది మాత్రమే ఉంటారు. అందువలన సరుకు ఎక్కించక ముందు తీసుకొనే జాగ్రత్తలకు ప్రాధాన్యత ఎక్కువ.

చరిత్ర

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంటలు చెలరేగాయి. అందులో పత్తి బేళ్ళతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. రెండు భారీ విస్ఫోటనాలు జరిగి వందలాది మంది మరణించారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి స్మృత్యర్థం భారతదేశంలో ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినం పాటిస్తారు.

2018 మార్చిలో అరేబియా సముద్రంలో మేర్స్క్ హోనమ్ ఓడ అగ్నిప్రమాదంలో ఐదుగురు సిబ్బంది మరణించారు. 2021 మేలో కొలంబో సమీపంలో ఎక్స్-ప్రెస్ పెర్ల్ ఓడ తగలబడి, తరువాత మునిగిపోయింది. ఆ ఓడలోని ఒక కంటెయినరు నుండి నత్రికామ్లం కారుతున్నట్లు అంతకు ముందే గుర్తించినా, దారిలోని రేవులలో దానిని దింపడానికి వీలుపడలేదు. 2022లో సుమారు 4,000 కార్లతో వెళుతున్న ఫెలిసిటీ ఏస్ అజోర్స్ దీవుల వద్ద కాలిపోయి మునిగింది. అందులోని 22 మంది సిబ్బంది సురక్షితంగా బయటపడ్డారు.

కారణాలు

* సరుకు వివరాలు తప్పుగా ప్రకటించడం: ఖర్చు, ఆంక్షలు తప్పించుకోవడానికి కొందరు ప్రమాదకరమైన రసాయనాలను సాధారణ సరుకుగా చూపుతారు. దీనివలన అవి ఓడలో ఉండకూడని చోటికి చేరుతాయి.
* స్వయంగా వేడెక్కడం: బొగ్గు, కొన్ని రసాయనాలు బయటి నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకుంటాయి.
* లిథియం-అయాన్ బ్యాటరీలు: దెబ్బతిన్న లేదా లోపభూయిష్టమైన ఒక సెల్లు వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్లులకు పాకి గొలుసు చర్యగా మారుతుంది. అప్పుడు మండే వాయువులు, విషవాయువులు వెలువడతాయి.

నియమాలు

1912లో టైటానిక్ మునిగిన తరువాత, సముద్రంపై ప్రాణరక్షణకు సంబంధించిన సోలాస్ ఒప్పందం 1914లో రూపొందింది. ప్రస్తుతం అమలులో ఉన్నది 1974 నాటి ఒప్పందం, దాని సవరణలు. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐ.ఎం.డి.జి. కోడ్ అనే నియమావళి ఉన్నది. ఇది 2004 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది. ఇందులో సరుకులను 9 తరగతులుగా విభజించారు. పేలుడు పదార్థాలు మొదటి తరగతికి, లిథియం బ్యాటరీలు తొమ్మిదవ తరగతికి చెందుతాయి.

నివారణ చర్యలు

* ఒకదానితో ఒకటి చర్య జరిపే సరుకులను వేర్వేరు చోట్ల ఉంచడం.
* ప్రమాదకర సరుకులను సిబ్బంది నివాసాలకు, ఇంజను గదికి, ఎండకు, వేడికి దూరంగా అమర్చడం.
* దెబ్బతిన్న బ్యాటరీలను సాధారణ సరుకుతో కలిపి తీసుకోకపోవడం, బ్యాటరీలను తక్కువ ఛార్జితో పంపడం.
* పొగను, వేడిని తొందరగా పసిగట్టే పరికరాలు అమర్చడం, సిబ్బందికి తరచు శిక్షణ ఇవ్వడం.

మంటలను ఆర్పే పద్ధతులు

మూసివున్న సరుకు గదులలోకి బొగ్గుపులుసు వాయువును నింపి, ప్రాణవాయువును తగ్గించి మంటలను అణచుతారు. కాని బ్యాటరీ లోపల జరిగే చర్య దీనితో ఆగదు. దానిని చల్లార్చడానికి చాలా సమయం పాటు నీరు చల్లాలి. ఆరినట్లు కనిపించిన బ్యాటరీ మళ్ళీ అంటుకోవచ్చు. 2016 జనవరి 1 తరువాత నిర్మాణం మొదలైన కంటెయినరు ఓడలలో, కంటెయినరు గోడకు రంధ్రం చేసి లోపలికి నీటి తుంపర పంపే గొట్టం ఉండాలని సోలాస్ నిర్దేశిస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఓడ
* లిథియం
* టైటానిక్