కాకిబంగారపు పొరలు

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఎండపొద్దున నేల పలుచోట్ల తళుక్కుమనుచుండును. ఉదయగిరి పేరనే భూగర్భశాస్త్రజ్ఞులు ఒక శిలావర్గమును వ్యవహరింతురు. అందు అభ్రకపు రేణువులు మెండు. నాటి ఆత్మకూరు తాలూకా మొదలు రాపూరు, గూడూరుల వరకు గనులలో అరచేతిని మించిన పలకలు దొరకెడివి. పల్లెలలో దీనిని కాకిబంగారమందురు, గనులవారికి మైకా.

పాత వాల్వు రేడియో వెనుకభాగము విప్పి చూచినవారికి ఇది పరిచితమే. గాజుబుడ్డిలోని లోహపు భాగములను కదలనీయక పట్టియుంచు పలుచని బిళ్ళ అభ్రకమే. ట్రాన్సిస్టరు రాకతో దానికి ఆ పని తగ్గినది.

గనులవద్ద స్త్రీలు పలకలను కత్తిమొనతో పొరలుగా చీల్చెడివారు. పొర ఎక్కడ విడునో వారి వ్రేళ్ళకు తెలియును. ఎందుకు విడునో 1930లో తేటపడినది. ఆ ఏడు అమెరికాలో లైనస్ పాలింగ్ ఎక్స్‌కిరణముల సాయమున అభ్రకపు అణునిర్మాణమును వివరించెను. ఒక్కొక్క పొరలో సిలికాన్, అల్యూమినియములు ఆక్సిజన్‌తో గట్టి బంధములలో పెనవేసికొని యున్నవి. పొరకును పొరకును నడుమ పొటాషియం అయానుల విద్యుదాకర్షణ తప్ప వేరు కట్టు లేదు. కత్తి దూరునది అచ్చటనే. పొర మందము సుమారు 1 నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. పాలింగ్ పేరు గ్రంథములకెక్కినది. చీల్చిన చేతుల పేర్లు నాకెందును కానరాలేదు.

1972లో ఇజ్రయేలష్‌విలి, టేబర్ అను శాస్త్రజ్ఞులు కేంబ్రిడ్జిలో ఒక చిత్రమైన కొలత ప్రకటించిరి. రెండు అభ్రకపు రేకులను ఎదురెదురుగా చేర్చి, వాని వెనుక వెండిపూత పూసి, నడుమ తెల్లని వెలుతురు పంపిరి. వెలికివచ్చిన రంగుగీతలను వర్ణపటదర్శినిలో చదివి రేకుల ఎడమును గుర్తించిరి. 1.5 నానోమీటర్ల ఎడము వరకు, ఏ రసాయన బంధమును లేని చోట సైతము పదార్థములు ఒకదాని నొకటి లాగికొను వాన్ డెర్ వాల్స్ బలమును అట్లు తూచిరి. గాజుపై ఇది సాగదు. మెరుగుపెట్టిన గాజుపైనను గరుకు మిగులును. అభ్రకము అణువుల మట్టమునకు చదును.

1986లో వెలసిన అణుబల సూక్ష్మదర్శినికిని ఈ చదునే ఆధారమైనది. డి.ఎన్.ఏ. పోగును పరచి చూడవలెనన్నచో, అభ్రకమునకును పోగునకును రెంటికిని ఋణావేశమే గనుక, మెగ్నీషియం అయానులు కలిపి అంటింతురు. అంతకుముందు రేకుపై అంటుపట్టీ అతికించి చఱ్ఱున లాగుదురు. పై పొర ఊడివచ్చును. ఏ చేయియు తాకని కొత్త పొర బయటపడును.