బ్యాక్‌లాగ్

ఇంగ్లిష్‌లో ఇది మొదట పొయ్యి దగ్గరి మాట. చలిదేశాల ఇళ్లలో నిప్పుగూటిలో వెనకవైపు పెట్టే పెద్ద దుంగను 17వ శతాబ్దం చివర్లోనే బ్యాక్‌లాగ్ అన్నారు. ముందున్న పుల్లలు మండిపోయినా అది నిదానంగా కాలుతూ వేడి నిలిపేది. తర్వాత నిల్వ అనే అర్థం వచ్చింది, 20వ శతాబ్దంలో పేరుకుపోయిన పని అయింది. మనకేమో ఇంజనీరింగ్‌లో తప్పిన సబ్జెక్టు, సర్కారు నోటిఫికేషన్‌లో భర్తీకాని రిజర్వుడు పోస్టు.

స్క్రమ్ పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్ టీముల్లో మాత్రం బ్యాక్‌లాగ్ బాకీ కాదు. ప్రోడక్ట్‌కు ఇంకా ఏం కావాలో ప్రాధాన్యం ప్రకారం పేర్చిన జాబితా. ఆ వరుసకు జవాబుదారీ ప్రోడక్ట్ ఓనర్ ఒక్కరే. పైనున్న పనులు చిన్నవిగా, స్పష్టంగా ఉండాలి. అడుగునున్నవి మోటుగా ఉన్నా ఫరవాలేదు. ఏడాదిగా ఎవరూ తాకనివి తీసేయండి. నిజంగా అవసరమైతే అడిగినవాళ్లే మళ్లీ అడుగుతారు.