కమాను కట్టల కుంగుబాటు
బరువు ఎక్కించినప్పుడు కమాను కట్టలు (పట్టీలు పేర్చిన స్ప్రింగులు) కుంగి, వాహనం వెనుక భాగం అతిగా కిందికి దిగడం. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చే మినీ లారీల్లో, పత్తి బండ్లలో కనిపిస్తుంది. పత్తి బరువు కన్నా చోటు ఎక్కువ తింటుంది. అందుకే సరుకు వెనుక ఇరుసు దాటి బయటికి పెరుగుతుంది. అప్పుడు ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొడతాయి. ట్రైలరు బరువు వెనుక కొక్కెం మీద పడినా జరిగేది ఇదే. మొదట చేయాల్సింది సరుకును ముందుకు జరపడం. ఖర్చు లేని పని కాబట్టే కాబోలు, చివరికి గుర్తొస్తుంది. అలసిన పట్టీలకు మళ్లీ వంపు తేవాలి, లేదా మార్చాలి. అదనపు పట్టీ వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని అనుమతి బరువు మాత్రం పెరగదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000.