ఎండలోంచి నీళ్లు: ఉమ్ అల్ నార్ ముచ్చట

ఆగస్టులో ఒకరోజు మా క్యాంపుకు నీళ్ల ట్యాంకర్ చీకటి పడేదాకా రాలేదు. ట్యాంకర్ల లెక్క రాసేది మేమే కాబట్టి అందరూ మా ఆఫీసు ముందే నిలబడ్డారు. "పక్కన సముద్రం, నెత్తిన ఎండ. ఆ ఎండతోనే నీళ్లు చేయలేరా తమ్మీ?" అన్నాడు నిజామాబాద్ అన్న ఒకాయన. చేశారు. అదీ ఈ దేశంలోనే.

అన్నం గిన్నె మూత తీస్తే లోపలివైపు నీటి బొట్లు ఉంటాయి. ఎసట్లో ఎంత ఉప్పు వేసినా ఆ బొట్లు చప్పగానే ఉంటాయి. ఇదీ అంతే. నల్లటి తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, పైన ఏటవాలుగా అద్దం మూస్తే, ఎండకు లేచిన ఆవిరి అద్దానికి తగిలి మంచినీళ్లయి జారుతుంది.

దీన్ని మొదట పెద్ద ఎత్తున కట్టింది మనలాంటి కూలీల కోసమే. 1872లో, నేటి చిలీ దేశపు ఎడారిలోని లాస్ సలీనాస్ దగ్గర, సురేకారం గనుల కార్మికులకూ, బరువులు మోసే కంచర గాడిదలకూ నీళ్లివ్వడానికి చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు కట్టాడు. సుమారు 4,500 చదరపు మీటర్ల తొట్లు పరిస్తే రోజుకు 20 వేల లీటర్లకు పైగా వచ్చేవి. అంటే చదరపు మీటరుకు ఐదు లీటర్లు కూడా కష్టమే.

ఎందుకింత తక్కువ? ఆవిరి నీరయ్యేటప్పుడు తనలోని వేడిని అద్దానికి ఇచ్చేస్తుంది. ఆ వేడి గాలిపాలవుతుంది. దాన్ని మళ్లీ వాడుకుంటేనే నీళ్లు పెరుగుతాయి.

అబుదాబి దగ్గర ఉమ్ అల్ నార్‌లో జపాన్ సహకారంతో 1984లో మొదలైన ప్లాంటు చేసింది అదే. 1,862 చదరపు మీటర్ల మేర, గాలి తీసేసిన గాజు గొట్టాలతో ఎండ వేడిని పట్టారు. ఇడ్లీ రేకుల్లా 18 అరలు. ఒక అరలో పుట్టిన ఆవిరి నీరవుతూ ఇచ్చే వేడితో తర్వాతి అరలో నీళ్లు ఆవిరయ్యేవి. ఒక్కో అర దాటేకొద్దీ వేడి తగ్గినా, గాలి ఒత్తిడిని కూడా తగ్గిస్తూ పోవడంవల్ల నీళ్లు మరుగుతూనే ఉండేవి. రోజుకు సుమారు 80 వేల లీటర్లు, అంటే చదరపు మీటరుకు 40 లీటర్ల పైమాటే. పంపులకు మాత్రం కరెంటు కావాల్సిందే.

ఇంత తెలివీ ఒక్క దుమ్ముగాలి ముందు తలవంచేది. గొట్టాల మీద ఇసుక పొర కడితే వేడి తగ్గేది, దాంతో నీళ్లూ తగ్గేవి. కడిగితేనే మళ్లీ పెరిగేవి. ఎండ ఉచితమే గానీ, ఆ ఎండలో నిలబడి గొట్టాలు కడిగే చెయ్యి ఒకటి కావాలి కదా!

ఆ ప్లాంటు 2002 వరకు నడిచింది. ఇప్పుడు మనం క్యాంపుల్లో వాడే నీళ్లలో ఎక్కువ భాగం పెద్ద పెద్ద ప్లాంట్లలో ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే.

ఆ రోజు ట్యాంకర్ రాత్రి ఎనిమిదికి వచ్చింది. రసీదు మీద గ్యాలన్లు రాసుకున్నాం. కడిగిన చేతుల లెక్క రాయడానికి అందులో గడి లేదు.